మాస్టారు వెనక్కి తీసుకున్న పాఠం

మా ఇంగ్లీషు మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్లోనే తెలిసింది. మండపేటలో మా కొట్టులో ఎవరివో ఆధార్ కార్డులు జిరాక్స్ తీస్తున్నాను. మా హైస్కూలు పాత విద్యార్థుల గ్రూపులో, ఒక గుడ్ మార్నింగ్ పువ్వుకీ రావులపాలెం అరటిగెలల రేటుకీ మధ్యన, దండ వేసిన ఆయన ఫొటో కనబడింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. కార్డులు మెషీన్లోనే వదిలేసి స్టూలు మీద కూలబడ్డాను. పెద్ద వయసే, ఒంట్లో బాగుండటం లేదనీ తెలుసు. అయినా మొన్ననేగా రీఫిల్ కొనుక్కుని వెళ్ళారు అనిపించింది.

ఏడుపు వచ్చేదే. ఈలోపు గ్రూపులో మెసేజులు మొదలయ్యాయి. "మేల్ లేనిదే ఫీమేల్ లేదని చెప్పిన మహానుభావుడికి నివాళి" అని ఒకరు పెట్టారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. "ఆ పాఠం ఎవరు మరిచిపోతారండీ!" అని ఇంకొకరు. నా మొహం వేడెక్కిపోయింది. పోయిన మనిషి కోసం ఏడవాలి గాని సిగ్గుపడటం ఏంటని మీరడగచ్చు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాస్టారు మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. మాదంతా తెలుగు మీడియం. ఇంగ్లీషు పీరియడ్ అనగానే కడుపులో నొప్పి పుట్టుకొచ్చే పిల్లలం. ఆయన మమ్మల్ని గ్రామరుతో భయపెట్టలేదు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మాటలు బోర్డు మీద రాసి, "వీళ్ళిద్దరికీ ఏం చుట్టరికం అండీ?" అని అడిగేవారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా 'అండీ' అనే మనిషి ఆయన. నిద్రపోతున్నవాణ్ణి లేపాలన్నా "ఆఖరి బెంచీ గారూ, తమరు కాస్త లేస్తారా?" అనేవారు. వాడు సిగ్గుతో చచ్చేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

"ఇంటిపేరు ఒకటైతే చుట్టాలైపోరండీ, పుట్టిల్లు ఎక్కడో కనుక్కోవాలి" అనేవారు. డెజర్ట్ అని రెండు మాటలున్నాయి కదా, ఎస్ ఒకటి ఎక్కువా తక్కువా అంతే. ఒకటేమో అందరూ వదిలేసి పోయిన నేల, ఎడారి. ఇంకోటి భోజనాలయ్యాక బల్ల మీద గిన్నెలు తీసేసి పెట్టే తీపి. "వీళ్ళిద్దరూ ఒక పెళ్ళిలో ఎదురుపడ్డా పలకరించుకోరు" అని తేల్చేసేవారు. స్టేషనరీలు మాత్రం స్వయానా అన్నదమ్ములు. ఒకటి కదలనిది, రెండోది కాగితాలూ కలాలూ. పూర్వం ఇంగ్లండు వైపు వ్యాపారులు ఊరూరా తిరిగి అమ్ముకుంటుంటే, ఒకడెవడో కాలేజీ పక్కన కొట్టు పెట్టుకుని కదలకుండా కూర్చుని పుస్తకాలమ్మాడు. వాడు స్టేషనర్ అయ్యాడు, వాడి సరుకు స్టేషనరీ అయింది. నేను ఈ కొట్టు తెరిచిన రోజున మాస్టారు మెట్ల కిందే నిలబడి, "ఇప్పుడు మీరు అసలు సిసలు స్టేషనర్ అండీ, ఇక కదలటానికి లేదు" అన్నారు. ఒక్క రీఫిల్ కొని గంట కబుర్లు చెప్పారు. అప్పట్నుంచి అదే అలవాటు. ఆయన చొక్కా జేబులో రిటైరయ్యాక కూడా సుద్దముక్క ఉండేది. ఎందుకు మాస్టారూ అంటే, "అలవాటైపోయిందమ్మా, జేబు ఖాళీగా ఉంటే తోచదు" అనేవారు.

అన్నిట్లోకీ ఐలండ్ పాఠం ఆయనకి ప్రాణం. ఆయనది లంక గ్రామం. పడవ దాటితే గాని సొంతూరు చేరలేని మనిషి. మా వాళ్ళు ఆ మాటని 'ఇస్లాండ్' అని చదివేవారు. "ఎస్ పలకం కదా, మరి అక్కడెందుకు కూర్చుందండీ?" అని అడిగి, ఆయనే చెప్పేవారు. లంకనే ఐల్ అని కూడా అంటారు, ఆ మాట లాటిన్ వాళ్ళింట పుట్టింది. ఐలండ్ ఇంగ్లీషు వాళ్ళ సొంత బిడ్డ, నీళ్ళలో ఉన్న నేల అని దానర్థం. మొదట్లో దాన్లో ఎస్సే లేదు. బాగా చదువుకున్న పెద్దలు కొందరు, ఇద్దరూ ఒకేలా ఉన్నారు, ఒకింటి వాళ్ళే అయ్యుంటారనుకుని మధ్యలో ఎస్ దూర్చేశారు. "చూశారా, చదువుకున్నవాడి తప్పు ఎన్ని వందల ఏళ్ళు మోయాలో!" అని చెయ్యి ఊపి మరీ వెక్కిరించేవారు.

ఇంత తెలిసిన మనిషే ఆ పాఠం చెప్పారు. బోర్డు మీద మేల్ అని రాసేవారు. దాని ముందు ఎఫ్, ఈ తగిలించేవారు. "చూశారా అండీ! ముందు మగవాడు పుట్టాడు. తర్వాత ముందర రెండక్షరాలు అతికిస్తే ఆడది తయారైంది. మేల్ లేనిదే ఫీమేల్ లేదు!" అనేవారు. మగపిల్లలు బెంచీలు దరువేసేవాళ్ళు. పక్క సెక్షన్ నుంచి టీచర్లు తొంగిచూసేవారు. మేం ఆడపిల్లలం తలలొంచుకుని పుస్తకాల్లోకి చూసేవాళ్ళం. ఏటేటా తొమ్మిదిలోకి వచ్చిన ప్రతి బ్యాచికీ ఇదే ముచ్చట. ఆ పాఠం ఎప్పుడొస్తుందా అని మగపిల్లలు ముందునుంచే కాచుక్కూర్చునేవారు.

మా అన్నయ్య నాకంటే ఒక క్లాసు ముందు. వాడా మాట ఇంటికి మోసుకొచ్చాడు. నేను ఏదైనా ఎదురు చెబితే చాలు, "ఏయ్ ఫీ! అతికించిన దానివి, నోర్మూసుకో" అనేవాడు. మా నాన్న నవ్వేవాడు. మా అమ్మ కూడా నవ్వేది, అది ఇంకా మండేది. బడిలో ఆడపిల్లలందరికీ అదే పేరయింది. నాకు మాత్రం అంటుకుపోయింది. ఇప్పుడు మా అన్నయ్య రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారం చేస్తాడు, మనవడు కూడా పుట్టాడు, అయినా ఫోన్ ఎత్తితే "ఏంటే ఫీ" అంటాడు. నేను కసురుకుంటాను. వాడు నవ్వుతాడు. అలా గడిచిపోయింది.

మాస్టారు రిటైరై చాలా ఏళ్ళయ్యాక ఒక మధ్యాహ్నం కొట్టుకొచ్చారు. జనం ఉన్నారని పక్కకి జరిగి, గోడకి చేరబడి నిలబడ్డారు. అందరూ వెళ్ళాక, "రీఫిల్లా మాస్టారూ?" అన్నాను.

"కాదమ్మా. ఒక తప్పు చెప్పుకోవాలి" అన్నారు.

ఇంట్లో మనవరాలికి ఆ పాఠం చెప్పారట. పదో తరగతి పిల్ల. అది ఫోన్లో చూసి "కాదు తాతయ్యా" అందట. ఈయన ఒప్పుకోలేదు. ఫోన్లో ఎవడు పడితే వాడు రాస్తాడని దెబ్బలాడారు. మర్నాడే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీయించారు. "నిలబడే చదివానమ్మా, కూర్చోబుద్ధి కాలేదు" అన్నారు.

"ఫీమేల్ అనే మాటకి పుట్టిల్లు వేరే ఉంది. లాటిన్లో ఫెమెల్లా, చిన్న స్త్రీ అని. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మేల్ మరో ఇంటి మాట, అరిగి అరిగి అలా తయారైంది. రెంటికీ ఏ సంబంధమూ లేదు. పక్కపక్కన ఉండేసరికి జనమే దీని చివర మార్చి దానిలా చేసేశారు. పుట్టింటి పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినట్టు."

నాకు నవ్వొచ్చింది. "పోనిద్దురూ మాస్టారూ, ఎప్పటి మాట!"

"నవ్వకండమ్మా. మిమ్మల్ని ఫీ అని పిలిచేవారు కదా. నేను వరండాలో వినేవాణ్ణి. విని నేనూ నవ్వుకునేవాణ్ణి."

నా నవ్వు ఆగిపోయింది. ఆయన చేతులు జోడించబోయారు. నేను స్టూలు మీంచి గబుక్కున లేచి, "అయ్యయ్యో, అదేం పని మాస్టారూ!" అని ఆయన చేతులు పట్టేసుకున్నాను. ఆయనకి సిగ్గు, నాకు అంతకంటే సిగ్గు. అప్పుడే ఎవరో కుర్రాడు హాల్ టికెట్ ప్రింటు కావాలని వచ్చాడు. మాస్టారు మళ్ళీ పక్కకి జరిగి, వాడి పని అయ్యేదాకా గోడకి చేరబడే ఉన్నారు.

"క్లాసు నవ్వితే నాకు పొంగు వచ్చేదమ్మా" అన్నారు తర్వాత. "అందుకే కనుక్కోలేదు. ఐలండ్లో ఎస్ దూర్చినవాళ్ళని జీవితమంతా వెక్కిరించాను. ఒకేలా కనబడితే చుట్టాలనుకున్నారని. నేను చేసిందేంటి మరి?"

అక్కడితో వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. తన దగ్గర చదివిన ఆడపిల్లలు ఎక్కడెక్కడున్నారో నన్నే అడిగి, బస్సెక్కి బయల్దేరారు. ఎండనక వాననక తిరిగారు. ఒకావిడ భర్త, "ఏంటి మాస్టారూ, ఇన్సూరెన్సు పాలసీలు ఏమైనా చేయిస్తున్నారా?" అని అడిగాడట. ఇంకొకావిడ అంతా విని, "ఇదే ముక్క మా ఆయనకి చెప్పి వెళ్ళండి మాస్టారూ" అని పెరట్లోంచి ఆయన్ని పిలిచిందట. ఇవన్నీ మా కొట్టుకొచ్చి చెప్పేవారు. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు.

జంగారెడ్డిగూడెం మాత్రం దూరమని నేనూ తోడు వెళ్ళాను. అక్కడ నా బెంచీమేటు ఉంది. వాళ్ళకి ఆయిల్ పామ్ తోట. మమ్మల్ని చూసి ఎంత సంబరపడిందో! జీడిపప్పు వేయించి పెట్టింది, కాఫీ ఇచ్చింది, మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. అది నోరు తెరుచుకుని వింది. అంతా అయ్యాక, "ఇంతదూరం దీని కోసమా వచ్చారు?" అంది.

"తప్పు చెప్పానమ్మా మీకు" అన్నారు మాస్టారు.

"అందులో తప్పేముంది మాస్టారూ! ఎలా రాస్తే ఏంటి, నిజమేగా అది? వాళ్ళు ముందు, మనం తర్వాతే కదా" అంది. ఎగతాళిగా అనలేదు. పెద్దాయన్ని ఊరడిద్దామనే అంది. ఇంకొంచెం జీడిపప్పు ఆయన పళ్ళెంలో వేసింది.

 తిరుగు బస్సులో కొవ్వూరు దాటి బ్రిడ్జి మీదకొచ్చాం. గోదావరి కనబడ్డాక మాస్టారు అన్నారు. "గుర్తులేదంటే బావుణ్ణు. కోప్పడినా బావుణ్ణు. ఆ అమ్మాయి నమ్మేసిందమ్మా."

"మీరొక్కరే చెప్పారా ఏంటి మాస్టారూ, ఊరంతా చెప్పేదే" అన్నాను.

"ఊరు చెప్పేదానికి పుస్తకం సాక్ష్యం ఉందన్నది నేనే కదా. చదువుకున్నవాణ్ణి, బోర్డు మీద రాసి మరీ చెప్పాను." మళ్ళీ ఆయనే, "రేపు నేను పోయాక సభ పెడతారు. నాకు తెలుసు, వీళ్ళకి గుర్తున్నది ఆ పాఠమే. అది తీసే పొగుడుతారు. మీరు అడ్డుపడాలి. ఇంకేం అడగను మిమ్మల్ని" అన్నారు. "ఇప్పుడా మాటలెందుకు మాస్టారూ" అన్నాను గాని, సరేనని తలూపాను.

ఆ సభే మొన్న పెద్దకర్మ రోజున కల్యాణ మండపంలో జరిగింది. పెట్టింది మా పాత విద్యార్థులే. పెద్దరికమంతా రైస్ మిల్లు ఓనరుది, మా అన్నయ్య క్లాస్‌మేటు. ఫ్లెక్సీ మేటరు మా కొట్టుకే పంపాడు. మాస్టారి ఫొటో, దాని కింద పెద్దక్షరాల్లో అదే మాట. నేను ఫోన్ చేసి, "ఈ లైను తీసేద్దామండీ, మాస్టారికి ఇష్టం లేదు" అన్నాను. "మాస్టారి బ్రాండే అది కదమ్మా! ఇష్టం లేకపోవడం ఏంటి?" అన్నాడు. తప్పని ఆయనే తెలుసుకున్నారని చెప్పాను. "పెద్దవాళ్ళయ్యాక అందరికీ చాదస్తం వస్తుందమ్మా, నువ్వు వేయించు" అన్నాడు. నేను వేయించలేదు. ఫొటో ఒక్కటే కొట్టించాను. గెలిచాననుకున్నాను, పిచ్చిదాన్ని.

ఫ్లెక్సీలో లేకపోతే ఏం, మైకుంది కదా. మిల్లు ఆయన మొదటే అందుకున్నాడు. తర్వాత మా అన్నయ్య లేచి, బెంచీల దరువుతో సహా చేసి చూపించాడు. సంతాపసభలో హాలంతా నవ్వులు. ముందు వరసలో మాస్టారి భార్య కూర్చున్నారు, మేమంతా అమ్మగారు అంటాం. పక్కన మనవరాలు. ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. చప్పట్లు మోగాయి. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా మోగాయి. చూసుకుంటే నా చేతులు కూడా కలిసి ఉన్నాయి. అన్నయ్య మాట్లాడితే చప్పట్లు కొట్టే అలవాటు, చేతులకి నా అనుమతి అక్కర్లేకపోయింది. నేల చీలితే దిగిపోదును.

అప్పుడు లేచాను. మైకు దగ్గరికి ఎలా వెళ్ళానో తెలీదు. చెప్పాను గాని సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ లాటిన్ మాట నోటికి రాలేదు. "మాస్టారు ఆ పాఠం తప్పన్నారు. వెనక్కి తీసుకున్నారు. ఊరూరా తిరిగి చెప్పారు. మీకెవరికీ చెప్పలేదు, ఎందుకంటే మీరు నవ్విన వాళ్ళు, మేం తలొంచుకున్నవాళ్ళం. దయచేసి ఆ మాటతో ఆయన్ని పొగడకండి" అన్నాను.  కింద నుంచి మా అన్నయ్య, "ఇప్పుడెందుకే ఇదంతా?" అంటున్నాడు. పెద్దగా కాదు, జాలిగానే.

మిల్లు ఆయన సర్దేశాడు. మైకు సున్నితంగా తీసుకుని, "చూశారా, తన తప్పు తనే ఒప్పుకున్న మహానుభావుడు! అంతటి గొప్ప మనసు" అన్నాడు. మళ్ళీ చప్పట్లు, ఇందాకటి కంటే గట్టిగా. మాస్టారు ఉంటే ఈ పొగడ్తకి ఇంకా కుంగిపోయేవారు. ఆయన పడ్డ సిగ్గుని కూడా శాలువాలా మడిచి ఆయనకే కప్పేశారు. నేను దిగొచ్చి కూర్చున్నాను. నా పక్కావిడ, "బాగా మాట్లాడావే" అంది. ఏం బాగో నాకర్థం కాలేదు.

ఆ తర్వాత భోజనాలు. "ముందు మగవాళ్ళు కూర్చోండి బాబూ, మొదటి బంతి!" అని వంటాయన కేకేశాడు. మా వైపు ఏ భోజనాలైనా అంతే. మొదటి బంతి మగవాళ్ళు తింటారు, మేం వడ్డిస్తాం, వాళ్ళు లేచాక రెండో బంతిలో మేం కూర్చుంటాం. ఎవరూ ఏమీ అనుకోరు. మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంగులు బిగించారు. నేనెప్పుడు లేచానో, ఎవరిచ్చారో, సాంబారు బకెట్ నా చేతిలో ఉంది. ఆ మైకులో అన్ని మాటలన్న మనిషిని, రెండు ఆకులు వడ్డించేశాను కూడా.

అమ్మగారు నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చారు. పోయిన మనిషి భార్య, అందరూ తిన్నాక ఆఖర్న తినాల్సిన మనిషి. వరస చివర ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పక్క కుర్చీలో మనవరాల్ని కూర్చోబెట్టారు. ఆకు మీద నీళ్ళు చల్లుకున్నారు. బల్లల మీద మాటలన్నీ ఆగిపోయాయి.  "అమ్మగారూ, మీకు లోపల విడిగా ఏర్పాటు చేశాం" అన్నాడు మిల్లు ఆయన.

"ఇక్కడ బానే ఉంది నాయనా" అన్నారావిడ. నన్ను చూసి ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు. "నువ్వు కూడా కూర్చోమ్మా. పొద్దుట్నుంచీ ఏం తినలేదు."

నేను చుట్టూ చూశాను. బకెట్లు పట్టుకున్న ఆడవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. "ఇటు సాంబారు!" అని మా అన్నయ్య అవతలి బల్ల నుంచి చెయ్యెత్తాడు. నా కాళ్ళు అటు రెండడుగులు వేసేశాయి. ఆగి, బకెట్ రెండు బల్లల మధ్య దారిలో నేల మీద పెట్టి, వెనక్కొచ్చి కూర్చున్నాను. గెలిచినట్టేం లేదు. చెవులు మండిపోతున్నాయి, తలెత్తలేక ఆకు కేసే చూస్తున్నాను. అమ్మగారు తన ఆకులోంచి ఒక గారె తీసి నా ఆకులో వేశారు. దారి మధ్యలో బకెట్ అలాగే ఉంది, సాంబారు ఆవిరి లేస్తూ. చాలాసేపు ఎవరూ దాన్ని ఎత్తలేదు.